ఇంటిపేరు ఎందుకు మారింది?

వంశవృక్షం రాయబోయిన మన సభ్యులకు తరచు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములకు రెండు ఇంటిపేర్లు కనిపిస్తాయి. తల్లిదండ్రులు బ్రతికి ఉండగానే పిల్లవాడు మేనమామ ఇంట పెరిగి ఉంటాడు. కారణాలు వెతికితే ఆనాటి జీవితమే బయటపడుతుంది.

మొదటిది దత్తత. మహాకవి శ్రీశ్రీ కన్నతండ్రి పూడిపెద్ది వెంకటరమణయ్యగారు. శ్రీరంగం సూర్యనారాయణగారికి దత్తు వెళ్ళినందున ఆయన శ్రీరంగం శ్రీనివాసరావు అయ్యారు. 1894లో జన్మించిన చలం కొమ్మూరి వారి బిడ్డ. మాతామహులు దత్తత చేసుకోగా గుడిపాటి వారయ్యారు.

రెండవది ఇల్లటం. మగసంతతి లేనివారు అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకుని ఆస్తిలో వాటా ఇచ్చే ఈ ఆచారాన్ని రెడ్డి, కమ్మ కుటుంబాలలో కోర్టులు కూడా గుర్తించాయి. ఇల్లటపుటల్లుడు దత్తపుత్రుడు కాడు. పుట్టినింటి ఆస్తిలో అతని హక్కు పోదు.

మూడవది కేవలం పెంపకం. పురిట్లో తల్లి పోయినా, ఊళ్ళో హైస్కూలు లేకపోయినా పిల్లలను అమ్మమ్మ ఇంటికో, పిన్ని ఇంటికో పంపేవారు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా ఎన్నో ఇళ్ళలో పిల్లలను తల్లిలేని వారిని చేసింది. బడిలో చేర్పించిన బంధువు చెప్పిన పేరే రికార్డులో పడితే, అదే సర్వీసు రిజిస్టరు దాకా వచ్చేది.

మా తాతగారి తమ్ముణ్ణి పసితనంలోనే సంతానం లేని మేనత్త భర్త దత్తత చేసుకున్నారు. ఇంటిపేరూ, గోత్రమూ మారాయి. కాలక్రమాన రాకపోకలు తగ్గాయి. 1971లో మా తమ్ముడికి వచ్చిన ఒక సంబంధం దాదాపు ఖాయమైంది. పెద్ద మేనత్త అమ్మాయి తాతగారి పుట్టింటివారెవరని ఆరా తీసి, "వద్దురా, వరసకు మీకు చెల్లెలవుతుంది" అంది. ఆవిడ ఆనాడు లేకపోతే ఏమయ్యేదో!

1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కూడా ఈ సంగతి మరచిపోలేదు. దత్తు వెళ్ళిన బిడ్డకు కన్నవారింటితో తెగని బంధం ఒకటుంది. పుట్టిన కుటుంబంలో ఎవరిని పెళ్ళాడకూడదో, దత్తత తరువాతా వారిని పెళ్ళాడరాదు. అంతకుముందు మగపిల్లలకే పరిమితమని భావించిన దత్తతను ఆ చట్టం ఆడపిల్లలకూ వర్తింపజేసింది. దత్తహోమం తప్పనిసరి కాదంది.

దత్తు వెళ్ళిన బిడ్డను కన్నవారు వదిలించుకున్నారని కొందరు మనసులో బాధపడతారు. మా చిన్నతాతగారి ఇంట్లోనూ ఆ మాట ఉండేదట. ఆ కాలంలో గొడ్డుపోయిన ఇంటికి బిడ్డనివ్వడం పుణ్యకార్యమని పెద్దలు నమ్మేవారు. ఇచ్చిన తల్లి గుండె ఏమైందో ఏ దస్తావేజులోనూ ఉండదు.

కనుక పెద్దలకు నా విన్నపం. మీ ఇంట ఎవరు ఎవరికి దత్తు వెళ్ళారో, ఎవరి ఇంట పెరిగారో, పాత ఇంటిపేరు, గోత్రం, ఊరు సహా ఒక కాగితం మీద రాసి మనవలకు ఇవ్వండి. మన తరువాత అడగడానికి వారికి ఎవరూ ఉండరు.