నీరు పడని బావి

సైబీరియాయందలి లీనానదీతీరమున వెలసిన యాకుట్స్క్ నగరమున, ఒక దూలముల యింటి కప్పుక్రింద భద్రపఱుపబడిన బావి యొకటి కలదు. దాని లోతు 116 మీటర్లకు పైబడినను అందు నీటిబొట్టు పడినది లేదు. అయినను భూశాస్త్రచరిత్రయందు జలసమృద్ధములైన బావులకు లభింపని స్థానము దానికి లభించినది.

1632లో ప్యోత్ర్ బెకెటోవ్ నాయకత్వమున కసాకులు లీనాతీరమున కొయ్యకోట గట్టి, అచ్చటి సఖాజనులనుండి సేబుల్ చర్మములను పన్నుగా గైకొన నారంభించిరి. పదేండ్లకు నేటి స్థలమునకు మార్చబడిన ఆ కోటయే క్రమముగా నగరమయ్యెను. వేసవిలో పైపొర కరగి పచ్చిక మొలచుచున్నను, క్రిందినేల శిలాసదృశముగ గడ్డకట్టియుండుట వారికి తొలినాళ్లనే తెలిసినది గాని, అది యెంతలోతు వఱకు వ్యాపించియున్నదో యెవ్వరు నెఱుగరైరి. 1828లో రష్యన్-అమెరికన్ కంపెనీ యుద్యోగి ఫ్యోదర్ షెర్గిన్ నీటికై బావి త్రవ్వింప మొదలిడి, ఎంత త్రవ్వినను గడ్డనేలయే తగులుచుండ విసిగి మానుకొన నెంచగా, ఆ దారిని బోవుచున్న నావికాధికారి రాంగెల్ శాస్త్రప్రయోజనార్థమై పని సాగింపుమని ప్రోత్సహించెను. 1837 వఱకు త్రవ్వినను ఆ గడ్డకు అంతు చిక్కలేదు. సైబీరియానేలనుగూర్చిన యిట్టి వార్తలను లియోపోల్డ్ ఫాన్ బూఖ్ వంటి మహాపండితుడే నమ్మదగనివని త్రోసిపుచ్చిన కాలమది. కావున 1844లో ప్రకృతిశాస్త్రజ్ఞుడు మిడెన్‌డార్ఫ్ ఆ బావిలోనికి దిగి, గోడలకు రంధ్రములు తొలిపించి, వానియందు ఉష్ణమాపకములుంచి, అడుగుభాగమున సైతము ఉష్ణోగ్రత సున్నకు సుమారు 3 డిగ్రీలు దిగువననే యున్నదని నిరూపించుటతో సంశయము తీరి, ఒక నూతనశాస్త్రమునకు పునాది పడెను.

షెర్గిన్ వెదకిన నీటిని సఖాజనులు భూమిలో వెదకి యెఱుగరు. శరత్కాలమున సరస్సులపై మంచు దళమెక్కగనే దానిని పలకలుగ కోసి యింటిముంగిట నిలిపి, కావలసినపుడు పొయ్యిచెంత కరగించుకొని త్రాగుదురు. లోనికి వాలిన దుంగలతో గోడలు నిలిపి, వెలుపల మట్టితోను పేడతోను దట్టముగ మెత్తిన వారి బలగాన్ అను శీతకాలపుటింటికి స్వచ్ఛమైన మంచుపలకయే పూర్వము కిటికీయద్దముగ నుండెడిది. దాని యంచులను తడిసిన మంచుతోనే అతుకుచుండిరి. నేలలో త్రవ్విన బులూస్ అను గోతియందు నిండువేసవిలో సైతము మాంసము చెడదు. పరాయివారికి ఆటంకమైన ఘనీభూతభూమి వీరికి వస్తుభాండారమైనది.

ఇరువదవ శతాబ్దమున వెచ్చని పెద్దభవనముల క్రింద నేల కరగి గోడలు బీటలువాఱుటతో ఇంజనీర్లును ఆ నేలను చల్లగనే యుంచవలెనని గ్రహించిరి. అంతట కాంక్రీటు స్తంభములను లోతుగ దింపి, నేలకును ఇంటియడుగునకును నడుమ శీతవాయువు ప్రసరించుటకు ఖాళీ విడిచి కట్టుట వాడుకయైనది. 1960లో యాకుట్స్క్‌నందు ఘనీభూతభూమి పరిశోధనకై ప్రత్యేకసంస్థయే వెలసెను.

సఖాజనుల పశువులు మేయు అలాస్ అను పల్లపు పచ్చికబయళ్లు ప్రాచీనకాలమున నేలలోని మంచు కరగి భూమి క్రుంగుటవలన నేర్పడినవే. కాని సహస్రాబ్దములపాటు మెల్లగ జరిగిన ఆ కరగుడు నేడు ఒక్క తరములోనే కన్నులయెదుట సాగుచున్నది. చురప్చా గ్రామపు పాతవిమానాశ్రయమైదానము మిట్టపల్లములై నడచుటకే యనువుగాకున్నది. షెర్గిన్ బావికాలమునుండి నేటి స్తంభములకాలము వఱకు అచ్చటివారు నేర్చిన నేర్పులన్నియు నేల చల్లగ నుండునను భరోసాపై నిలిచినవి. ఆ భరోసాయే సడలిన పిదప బ్రతుకుటెట్లో వారు మరల మొదటినుండి నేర్చుకొనవలసియున్నది.