కరెంటంటే భయమా?

పెళ్లిచూపుల్లో అడిగే ప్రశ్నలకు జవాబులు ఎవరూ సరిగా వినరు. "పాట వచ్చునా అమ్మాయీ?" అని అడిగిన పెద్దావిడే, అమ్మాయి గొంతు సవరించుకునేలోపు పక్కావిడతో చీర అంచు గురించి మాట్లాడుతూ ఉంటుంది. అయినా ఆ ప్రశ్నలు వృథా పోవు. పిల్ల సంగతి చెప్పకపోయినా అడిగినవాళ్ల సంగతి చెప్పేస్తాయి. "పదిమందికి వండగలవా?" అన్నారంటే ఆ ఇంట్లో చుట్టాలు జాస్తి అన్నమాట. "కోపం ఎక్కువా?" అన్నారంటే ఆ అబ్బాయికి కోపం ఎక్కువన్నమాట!

ఉద్యోగాలకు అడిగే ప్రశ్నలూ ఇంతే. ఏ కాలంలో ఏం అడిగారో చూస్తే ఆ కాలం దేనికి భయపడిందో తెలిసిపోతుంది. ఈమధ్య కంప్యూటర్లు బాగుచేసే టెక్నీషియన్ ఉద్యోగానికి ఏమేం అడుగుతారో చూడవలసిన అవసరం నాకొకటి వచ్చింది. నేను చదివింది బి.ఏ. కంప్యూటరు లోపల ఏముంటుందో నాకు తెలిసింది తక్కువే. చరిత్ర కాస్త తెలుసు గనుక చరిత్రలోకి తొంగిచూశాను.

మా అత్తగారి వైపువాళ్లది నిజామాబాదు జిల్లా రెంజల్. బోధన్‌కు దగ్గర. ఆ మండలంలోని కందకుర్తి దగ్గరే గోదావరి తెలంగాణ గడ్డమీద అడుగు పెడుతుంది, మంజీరను కలుపుకుంటుంది. కనుక అక్కణ్నుంచే మొదలుపెడతాను.

నిజాం కాలంలో కొలువు అడగడానికి వెళ్లినవాడికి మొదటి పరీక్ష భాష. సర్కారు భాష 1884 దాకా పారశీకం, ఆ తర్వాత ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ చదువు ఉర్దూలోనే. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే పిల్లవాడు ముందు ఆ గుమ్మం దాటాలి. దాటితే రెండో ప్రశ్న: "నువ్వు ముల్కీవేనా?" ముల్కీ అంటే ఈ దేశస్థుడని. 1919లో నిజాం ఇచ్చిన ఫర్మానాతో ఇది గట్టిపడింది. ఇక్కడ పుట్టి ఉండాలి, లేదా 15 ఏళ్లు ఇక్కడే కాపురం ఉండి ఉండాలి. పైనుంచి వచ్చిన చదువరులు కొలువులన్నీ పట్టుకుపోతే స్థానికుల గతేమిటని భయం. ఆ భయం ఉత్తుత్తిది కాదు. పొరుగువాడు వడ్డన పూర్తిచేసుకుని చేయి కడుక్కునేదాకా ఇంటివాడు గుమ్మంలో నిలబడాలంటే ఎవరికి మాత్రం కష్టంగా ఉండదు?

కాని ఆ నిబంధనల్లో ఒక మూల ఆడవాళ్ల సంగతి ఉంది, చూడండి. ముల్కీని పెళ్లాడిన స్త్రీ ముల్కీ అయిపోతుంది. ముల్కీ పిల్ల బయటివాణ్ని చేసుకుని వెళ్లిపోతే ఆ హక్కు పోగొట్టుకుంటుంది. మగవాడికి ఊరు ఏళ్ల లెక్కన వచ్చేది, ఆడదానికి తాళితో వచ్చేది, తాళితో పోయేది.

బోధన్ ప్రాంతంలో ఈ ప్రశ్న మరీ పదునెక్కింది. 1931కి మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. నీళ్లు వచ్చాయి, చెరకు వచ్చింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. ఆసియాలోకెల్లా పెద్దదని ఆ ఫ్యాక్టరీకి పేరు. కాలువ నీళ్ల వెంట కోస్తా జిల్లాల రైతులూ వచ్చి పొలాలు కొనుక్కున్నారు. వాళ్ల ఊళ్లను ఇప్పటికీ 'కాంపు' అనే పిలుస్తారు. అందుకే ఇక్కడ "మీదే ఊరమ్మా?" అనే మాట పొద్దుపోక అడిగేది కాదు. 1952లో ముల్కీ ఆందోళన, 1969లో తెలంగాణ ఉద్యమం, ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972లో సుప్రీంకోర్టు తీర్పు, దానిమీద మళ్లీ ఆంధ్రలో అలజడి. చివరకు 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చి 'స్థానికులు' అనే లెక్కను ముఖ్యంగా బడిచదువుతో ముడిపెట్టాయి. తాతగారి ఊరు వెనక్కి వెళ్లి బడి సర్టిఫికెట్టు ముందుకొచ్చింది. ఒక్క ప్రశ్న చుట్టూ ఎంతమంది జీవితాలు తిరిగాయో!

ప్రశ్నల పిచ్చి మనవాళ్లకే కాదు. అమెరికాలో ఎడిసన్ మహాశయుడు, బల్బులాయన, ఉద్యోగం కోసం వచ్చిన పట్టభద్రులకు నూరుకు పైగా ప్రశ్నలతో పరీక్ష పెట్టేవాడు. ఫ్రాన్సుకు సరిహద్దు దేశాలేవి, వోల్గా నది ఎక్కడుంది, ఈ తీరుగా. 1921లో ఆ ప్రశ్నలు పత్రికలకెక్కి పెద్ద గోలైంది. ఆ రోజుల్లోనే అమెరికా వచ్చిన ఐన్‌స్టీన్‌ను ఎవరో ధ్వని వేగమెంతని అడిగితే, పుస్తకాల్లో దొరికే సంగతులు నేను బుర్రలో మొయ్యనన్నాడట. ఎడిసన్ దగ్గర ఆయనకు ఉద్యోగం దొరికేది కాదేమో!

ఇక అసలు కంప్యూటర్ల దగ్గరికి వద్దాం. 1945లో ఫిలడెల్ఫియాలో ఎనియాక్ అనే మహా యంత్రం తయారవుతోంది. ఒక గదంతా అదే. అందులో దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులు. దానిమీద పనిచేయడానికి మనుషులు కావాలి. జీన్ జెన్నింగ్స్ అని మిస్సోరీ పల్లెటూళ్లో పొలం పనుల మధ్య పెరిగిన అమ్మాయి, ఇరవై ఏళ్లది, ఇంటర్వ్యూకు వెళ్లింది. సైన్యం తరఫున ఆ పని చూస్తున్న గోల్డ్‌స్టీన్ అడిగిన ప్రశ్న: "విద్యుత్తు గురించి నీ అభిప్రాయమేమిటి?" పాపం, పిల్ల కంగారుగా భౌతికశాస్త్రం చదివాననీ, ఓమ్ సూత్రం తెలుసుననీ చెప్పబోయింది. "అది కాదు. కరెంటంటే నీకు భయమా అని!"

ఎంత ముచ్చటైన ప్రశ్న! నీ తండ్రెవరు, నీ ఊరేది, వోల్గా ఎక్కడుందని కాదు. చెయ్యబోయే పనిలో తీగలు పీకి పెట్టాలి, స్విచ్చులు తిప్పాలి. ఆ చేయి వణుకుతుందా, వణకదా? భయం లేదంది, చేర్చుకున్నారు. ఆమెతో కలిపి ఆరుగురు అమ్మాయిలు. నేర్పే పుస్తకం లేదు. పటాలు ముందు పరుచుకుని తామే నేర్చుకున్నారు. యంత్రం మొరాయిస్తే ఏ ట్యూబు పోయిందో చెప్పగల స్థితికి వచ్చారు. 1946లో యంత్రాన్ని లోకానికి చూపించిన రోజు రాత్రి పెద్దలందరికీ విందు జరిగింది. ఈ ఆరుగురికీ పిలుపు రాలేదు. వండినవాళ్లకు విస్తరి వెయ్యని ఇళ్లు అక్కడా ఉన్నాయన్నమాట.

కరెంటుకు భయపడని ఆడపిల్ల మనకంతకు ముందే ఉంది. అయ్యలసోమయాజుల లలిత. 1919లో మద్రాసులో తెలుగువారింట పుట్టింది. 15 ఏళ్లకు పెళ్లి, 18 ఏళ్లకు వైధవ్యం, చేతిలో నెలల పసిపాప. ఆ పిల్ల 1940లో గిండీ ఇంజనీరింగు కాలేజీలో చేరి ఎలక్ట్రికల్ ఇంజనీరింగే చదివింది. ఆమె పట్టాలో 'అతడు' అని అచ్చు వేసిన మాట కొట్టేసి 'ఆమె' అని దిద్దవలసి వచ్చింది. కాలేజీవాళ్లకు అంతకు ముందు ఆ అవసరమే రాలేదు! తర్వాత ఆమె కలకత్తాలో ఉద్యోగం చేస్తూ భాక్రా నంగల్ కరెంటు లైన్ల పనిలో పాలుపంచుకుంది.

మన దేశంలో కంప్యూటర్లు బాగుచేయడమే ఒక సంస్థ పని కావడానికి 1978 వచ్చింది. ఆ ఏడు ఐ.బి.ఎం. కంపెనీ దేశం విడిచి వెళ్లిపోయింది. దాని యంత్రాలు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. వాటి ఆలనాపాలనా 1975లో కేంద్రప్రభుత్వం పెట్టిన కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ నెత్తిన పడింది. సి.ఎం.సి. అంటే చాలామందికి గుర్తొస్తుంది. హైదరాబాదులో అయితే 1967లో పుట్టిన ఇ.సి.ఐ.ఎల్. మోగల్లులో పుట్టిన డాక్టర్ ఎ.ఎస్. రావుగారి చేతుల మీదుగా స్వదేశీ కంప్యూటర్లనే తయారుచేసింది. చేసిన వస్తువు చెడిపోతే "ఇది ఎందుకు ఆగింది?" అని అడిగేవాళ్లు కావాలి కదా. అక్కణ్నుంచి ప్రశ్న మారింది. మనిషిని కాదు, యంత్రాన్ని అడగడం మొదలైంది.

మారిందనే అనుకున్నాను. రెంజల్‌లో మా ఆడబిడ్డ కూతురు డిగ్రీ అయ్యాక హార్డ్‌వేర్ కోర్సు చేసింది. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు ఆడే యంత్రం ఆగాక ఆ చుట్టుపక్కల పిల్లలు వేరే యంత్రాల వైపు చూడక తప్పలేదు. ఒకచోట ఇంటర్వ్యూకు పోతే మొదటి ప్రశ్న, "పెళ్లయినంక మానేస్తవా?" రెండోది, "రాత్రిపూట ఎవరు తోడొస్తరు?" కంప్యూటరు ఊసే లేదట. విదేశాంగ సర్వీసులో 1949లో చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మగారు పెళ్లి నిబంధనల మీద పోరాడి 1979లో సుప్రీంకోర్టు చేత చీవాట్లు పెట్టించారు. ఆ తీర్పు మా పిల్లను ప్రశ్నలడిగిన గదిదాకా ఇంకా చేరినట్టు లేదు.

తర్వాత ఇంకొకచోటికి పిలుపు వచ్చింది. "అత్తమ్మా, ఏమేం అడుగుతరో జెర చెప్పవా, పుస్తకాలు రాస్తవు గద!" అని నా వెంటబడింది. ఇద్దరం కూచుని జాబితా రాశాం. కంప్యూటరు ఆన్ కాకపోతే ముందు ఏం చూస్తావు? ప్లగ్గు. నవ్వకండి, అనుభవం ఉన్నవాడు ముందు అదే చూస్తాడట. ర్యాముకూ హార్డ్ డిస్కుకూ తేడా ఏమిటి? పని జరుగుతున్నంతసేపే గుర్తుండేది మొదటిది, కరెంటు పోయినా దాచిపెట్టేది రెండోది. మన వంటింట్లో గట్టూ అలమారూ అనుకోండి. ప్రింటరు కదలకపోతే? ఇంటర్నెట్టు ఒక్కరికే రావడం లేదా, అందరికీనా? అడుగుతూ అడుగుతూ తప్పు ఎక్కడుందో చుట్టూ గీత గీసుకుంటూ పోవడమే ఆ విద్య అని నాకు అర్థమైంది.

చివరకు నేనొకటి అడిగాను. "చెరకు కొట్టీ కొట్టీ వేలిగీతలు అరిగిపోయిన ముసలమ్మ పెన్షను కోసం వచ్చింది. యంత్రం ఈమె ఆమె కాదంటోంది. ఏం చేస్తావు?"

పిల్ల ఆలోచించుకోలేదు. "ముందు కూసోబెడ్త. అద్దం తుడుస్త, చేతులు కడిగిస్త, వేరే వేలు పెట్టిస్త. కాకపోతే కంటిపాపతోని చూసే మిషిన్ ఉందేమో అడుగుత. అదీ కాకపోతే ఆఫీసరుకు రాయించి ఇస్త. అంతేగని, నువ్వెవరవని ఆమెను మళ్ల అడగను."

అత్తయ్యలారా, అక్కలారా, మీలో ఎందరో ఇవాళ ఆఫీసుల్లో, బళ్లలో, బ్యాంకుల్లో బల్లకు ఇవతలి వైపు కూర్చుని ఉన్నారు. రేపో మాపో ఓ పిల్ల చేతిసంచిలో సర్టిఫికెట్లు పెట్టుకుని మీ ఎదట కూర్చుంటుంది. మన అమ్మమ్మలను ఏం అడిగారో, మనల్ని ఏం అడిగారో మనకు తెలుసు. ఆ పిల్లను మాత్రం పని గురించి అడగండి.