నేలవేము: ఔషధ గుణం నిలవాలంటే కోత, ఆరబెట్టడంలో పాటించాల్సిన మెళకువలు

నేలవేమునే కాలమేఘ్ అని కూడా అంటారు. ఆయుర్వేద, సిద్ధ వైద్యాల్లో జ్వరం, కాలేయ సమస్యలకు దీన్ని చాలా కాలంగా వాడుతున్నారు. మందుల తయారీదారులకు ఎండు మొక్క తూకంతో పాటు అందులోని గుణం కూడా ముఖ్యం. పొలంలో బాగా పెరిగిన పంట కూడా కోత, ఆరబెట్టడం దగ్గర చెడితే ధర పలకదు.

గుణం ఎక్కడ ఉంటుంది?

ఈ మొక్క చేదుకు ముఖ్య కారణం ఆండ్రోగ్రాఫోలైడ్ అనే పదార్థం. ఇది ఆకుల్లో ఎక్కువగా, కాండంలో తక్కువగా ఉంటుంది. శరీర కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ను అడ్డుకునే ఫ్లావనాయిడ్లు కూడా ఇందులో ఉన్నాయి. దీన్నే యాంటీఆక్సిడెంట్ గుణం అంటారు. నేలవేము సారం కొన్ని బ్యాక్టీరియాల పెరుగుదలను తగ్గిస్తుందని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది.

నాటడం

నీరు నిలవని నేలలు అనుకూలం. కొత్త గింజ వెంటనే మొలకెత్తదు కాబట్టి కిందటి సీజన్ గింజ వాడాలి. మే నెలలో నారు పోసి, వర్షాలు పడ్డాక 30 × 15 సెం.మీ. దూరంలో నాటుకోవాలి. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ (సీమ్యాప్) 'సిమ్-మేఘ' రకాన్ని రూపొందించింది. ఈ సంస్థ పరిశోధన కేంద్రం హైదరాబాద్‌లో కూడా ఉంది.

కోత

• నాటిన మూడు, మూడున్నర నెలలకు పూత దశలో కోయాలి. కాయలు ముదిరే వరకు ఆగితే ఆకు రాలిపోతుంది.
• వాన, మంచు తడి ఆరాక కోయాలి.
• వేర్లతో పీకకుండా కొడవలితో కోస్తే సరుకులో మట్టి కలవదు.

ఆరబెట్టడం, నిల్వ

• గాలి ఆడే నీడలో, శుభ్రమైన పట్టాలపై పలుచగా పరచాలి. రోజూ తిరగేయాలి.
• కుప్పగా పోస్తే వేడెక్కి ఆకు నల్లబడుతుంది, బూజు పడుతుంది.
• ఆకు పచ్చదనం పోకుండా, చేత్తో నలిపితే పొడిగా చిట్లేలా ఎండాలి. రాలిన ఆకును పారేయకుండా సరుకులోనే కలపాలి.
• పొడి గోనె సంచుల్లో నింపి, నేల తేమ తగలకుండా చెక్కలపై పెట్టాలి. ఎక్కువ కాలం నిల్వ ఉంచితే ఆండ్రోగ్రాఫోలైడ్ తగ్గిపోతుంది.

ముఖ్య గమనిక

ప్రయోగశాలలో కనిపించిన గుణం ఉన్నంత మాత్రాన అది రోగికి వైద్యం అయిపోదు. జ్వరం తగ్గకపోతే కషాయంతో సరిపెట్టుకోకుండా డాక్టరును కలవాలి. గర్భిణులు నేలవేము వాడకూడదు.

ఈ పంటకు అన్నిచోట్లా మార్కెట్ ఉండదు. అందువల్ల నారు పోయకముందే కొనుగోలుదారును చూసుకుని ధర, నాణ్యత షరతులు కాగితంపై రాయించుకోవాలి.