రూపాయి బిళ్ల కింద

కోదాడలో తల్లిగారింటి పెరట్లో, నీళ్లు పోసే అవ్వ బండ మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. కాళ్ల మీద ఇరవై ఆరు రోజుల పసివాడు. వెల్లకిలా తిప్పి చెంబు ఎత్తబోయి ఆగిపోయింది.

"ఏందమ్మా, పిల్లగాని కడుపుల ఏదో పాకుతున్నట్టుంది?"

అమ్మమ్మ వంగి చూసింది. ఎడమ డొక్క కింద గోళీకాయంత ఉబ్బు లేచి, మెల్లగా కుడి పక్కకు పొర్లి, మాయమైంది. అంతలో పిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు. బొడ్డు బుడగలా ముందుకు పొడుచుకొచ్చింది. అందరి కళ్లూ అక్కడికే పోయాయి.

"పేగు బొడ్డులకు వస్తాంది. అందుకే పాలు నిలుస్తలేవు" అని తేల్చేసింది అమ్మమ్మ.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్య ఇళ్లలో జరిగే ముచ్చట్లను ఒకే ఇంట్లోకి తెచ్చి చెబుతున్నాను. అందుకే ఎవరికీ పేర్లు పెట్టలేదు.

ఆ సాయంత్రమే రూపాయి బిళ్లను గుడ్డలో చుట్టి, బొడ్డు మీద ఒత్తిపెట్టి, ప్లాస్టర్ అంటించి, పైన నడికట్టు బిగించారు. తన ముగ్గురు పిల్లలకూ అమ్మమ్మ ఇట్లనే కట్టింది. ముగ్గురి బొడ్లూ లోపలికి పోయాయి. అసలు సంగతి ఏమిటంటే, బిళ్ల కట్టకపోయినా పోయేవే. బొడ్డుతాడు దారి చుట్టూ ఉండే కండరాల కంత మూసుకోవడానికి టైము పడుతుంది, అంతే. తక్కువ బరువుతో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. నాలుగైదేళ్లు వచ్చేలోపు చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. పేరు మాత్రం రూపాయికి వస్తుంది.

పిల్లాడి నాన్న మిర్యాలగూడ రైసు మిల్లులో పని చేస్తాడు. హుజూర్‌నగర్ మీదుగా బండి మీద వారానికోసారి వచ్చి కొడుకును చూసి పోతాడు. ఫోన్లో నాయనమ్మ ధైర్యం చెప్పింది: "పాలు తాగే పిల్లలు కక్కరా? నువ్వు కక్కలేదా?" నిజమే. మూడు నాలుగు నెలల పసిపిల్లల్లో సగం మందికి పైగా పాలు కక్కుతారు. పెదవి అంచున కారుతుంది, భుజం తడుస్తుంది, పిల్లాడు నవ్వుతూనే ఉంటాడు. తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకుని, ఓ అరగంట నిలువుగా ఎత్తుకుంటే చాలావరకు తగ్గుతుంది. ఏడాది, ఏడాదిన్నరకు ఆ ముచ్చటే ఉండదు.

ఈ పిల్లాడిది కారడం కాదు, ఎగజిమ్మడం. తాగిన పాలు పిచికారీ కొట్టినట్టు మంచం దాటి గోడకు తగిలేవి. కక్కిన మరుక్షణం మళ్లీ రొమ్ము వెతుక్కునేవాడు. ఆర్‌ఎంపీ ఇచ్చిన సిరప్ కూడా గోడ మీదికే పోయింది. దిష్టి తీశారు. గ్రైప్ వాటర్ పోశారు. నడికట్టు మరింత బిగించారు.

తల్లికి ఇరవై రెండేళ్లు, తొలిచూలు. ఇంట్లో ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె మాత్రం తడిసిన గుడ్డలు లెక్కపెట్టుకుంటూ ఉంది. పురుటి రోజుల్లో పదికి తక్కువ ఉండేవి కావు. వారం తిరిగేసరికి మూడుకు వచ్చాయి. ముఖం ముసలివాడిలా ముడతలు పడింది. ఆముదం రాస్తుంటే మాడు గుంటలా వేలికి తగిలింది. ఆ రాత్రి మిర్యాలగూడకు ఫోన్ చేసి ఒక్కటే మాట అంది: "పొద్దున కల్లా రా. పేట పోదాం."

సూర్యాపేటలో పిల్లల డాక్టరమ్మ ముందు నడికట్టు విప్పింది. ప్లాస్టర్ కింద చర్మం ఎర్రగా కమిలి, చెమ్మ పట్టి ఉంది. వేలితో మెల్లగా నొక్కితే బొడ్డు బుడుక్కున లోపలికి పోయింది.

"ఇది మెత్తగా ఉంది, లోపలికి పోతుంది. దీనితో భయం లేదు. గట్టిపడి, రంగు మారి, లోపలికి పోకపోతే మాత్రం పరుగెత్తుకు రావాలె" అంటూ రూపాయిని అమ్మమ్మ చేతిలో పెట్టింది. తర్వాత తల్లి వైపు తిరిగింది.

"కక్కితే పచ్చగా పడుతుందా?"

"లేదు మేడమ్. పాలే, విరిగినట్టు."

పచ్చగా పడితే అది వేరే ప్రమాదం. పేగు మెలిపడి ఉండొచ్చు, గంటలు కూడా ఆగకూడదు.

"ఎంత దూరం పడుతుంది?"

తల్లి గదిలో ఎదుటి గోడ చూపించింది. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టేసింది. అక్కడే పాలు ఇమ్మంది. పిల్లాడు తాగుతుంటే కుడి డొక్క కింద మూడు వేళ్లు ఆనించి, బయట అంతమంది కూర్చుని ఉన్నా తొందరపడకుండా కళ్లు మూసుకుంది. అవ్వ చూసిన అల మళ్లీ లేచి ఎడమ నుంచి కుడికి పొర్లింది. అది ఆగిన చోట రేగుకాయంత గట్టిది వేలికి తగిలింది.

నీళ్లు పోసే అవ్వ వారం కిందే అసలు గుర్తు పట్టేసింది. ఆ గుర్తును చదివే వాళ్లే లేకపోయారు.

దాని పేరు పైలోరిక్ స్టెనోసిస్. కడుపులోంచి పేగులోకి పాలు దిగే ద్వారం దగ్గర కండ మందమై దారి మూస్తుంది. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో నాలుగింతలు ఎక్కువ, అందులోనూ తొలిచూలు పిల్లల్లో. మూడు నుంచి ఆరు వారాల వయసులో బయటపడుతుంది. ఆ కండ మూడు మిల్లీమీటర్లు దాటితేనే అనుమానం. స్కానింగులో ఈ పిల్లాడిది ఐదు.

డెన్మార్క్ డాక్టర్ హిర్ష్‌స్‌ప్రుంగ్ 1888లో ఈ జబ్బును వివరంగా రాసేనాటికి ఇది దాదాపు చావు కబురే. 1911లో జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో రామ్‌స్టెట్ అనే సర్జన్ ఆ కండను నిలువునా చీల్చి, కుట్టబోతే కుట్టు నిలవలేదు. అలాగే వదిలేశాడు. పిల్లాడు బతికాడు. మరుసటి ఏడాది ఇంకో బిడ్డకు అసలు కుట్టే ప్రయత్నమే చేయలేదు. ఇప్పటికీ అదే పద్ధతి: కండను చీల్చాలి, లోపలి పొరను ముట్టుకోకూడదు, తెరిచిన కండను తెరిచినట్టే వదిలేయాలి. కుట్టు తెగడం ఇంతమందిని బతికించడం చిత్రమే.

హైదరాబాద్‌లో నిలోఫర్‌కు రాసిచ్చారు. పురిట్లో తన పనిమనిషి చనిపోతే చలించిన నిజాం ఇంటి కోడలి పేరు మీద ఉన్న ఆసుపత్రి అది. సెలైన్ సీసా చేత్తో ఎత్తి పట్టుకుని నాన్న, ఒడిలో పిల్లాడితో తల్లి, కొంగు నోట్లో కుక్కుకుని అమ్మమ్మ. నూట ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దారి. పోగానే కోసేస్తారనుకున్నారు. కోయలేదు.

"ఇంత దూరం వచ్చింది చూస్తూ కూర్చోవడానికా?" నాన్న గొంతు లేచింది.

కక్కి కక్కి ఒంట్లో ఉప్పులు అడుగంటాయి. ఆ స్థితిలో మత్తు ఇస్తే పసివాడు ఊపిరి తీయడం మరిచిపోవచ్చు. ముందు రక్తం సర్దుకోవాలి, తర్వాతే కత్తి. ఒకటిన్నర రోజు సెలైన్ ఎక్కింది. పిల్లాడు గుడ్డ తడిపాడు. తల్లి అలవాటుగా లెక్కపెట్టింది: ఒకటి. తెల్లారేసరికి ఐదు.

ఆపరేషన్ గంట లోపే అయిపోయింది. సాయంత్రానికి కొంచెం పాలు పట్టమన్నారు. అందరూ గోడ వైపు చూశారు. ఏమీ పడలేదు.

అమ్మమ్మ ఆ రూపాయిని పసుపు గుడ్డలో కట్టి జాన్‌పహాడ్ దర్గా సైదులుకు ముడుపు మొక్కుకుంది. జనవరిలో ఉర్సుకు పోయినప్పుడు మనవడు చంకలో బొద్దుగా ఉన్నాడు. జనాన్ని చూసి గుక్కపట్టి ఏడిస్తే చొక్కా కింద బొడ్డు మళ్లీ పొడుచుకొచ్చింది. అమ్మమ్మ చొక్కా కిందికి లాగి, ముడుపు చెల్లించే వరసలో ముందుకు జరిగింది.