బందరు రికార్డు గది నుంచి దూరపు సర్వర్ దాకా

దిగువ కృష్ణా డెల్టాలో భూమి హక్కును రుజువు చేసే రికార్డు రెండు శతాబ్దాల్లో నాలుగు చోట్లు మారింది. మొదట ఊళ్ళో కరణం ఇంట్లో ఉండేది. తర్వాత బందరు, గుడివాడ, అవనిగడ్డ వంటి చోట్ల రిజిస్ట్రారు ఆఫీసు బీరువాల్లోకి చేరింది. 1998 తర్వాత అవే ఆఫీసుల్లోని కంప్యూటర్లలోకి, ఆ పైన దూరాన ఎక్కడో ఉన్న డేటా సెంటర్లోకి వెళ్ళింది. చోటు మారిన ప్రతిసారీ రికార్డుకు భద్రత పెరిగింది, అడిగే మనిషికీ దానికీ మధ్య దారి పొడవైంది. చెదలు, చెమ్మ, ఉప్పెన రికార్డునే మింగేసిన కాలం వెనకబడి, రికార్డు క్షేమంగా ఉండగానే దాన్ని చేరే దారి తెగిపోయే కాలం వచ్చింది. ఆ తెగిన చోటును వెతికి పట్టుకోవడం ఇప్పుడు ఒక వృత్తి. దానికి ముందు తరాలు కూడా ఈ ప్రాంతంలోనే ఉన్నాయి.

కరణం చేతిలో ఉన్నంతకాలం రైతుకూ రికార్డుకూ మధ్య దూరం రెండు వీధులే. ఏ సర్వే నంబరులో ఎవరు సాగు చేస్తున్నారో, ఏ పంట వేశారో అడంగల్ చెప్పేది. అవనిగడ్డ చుట్టూ ఉన్న దివిసీమలో చాలా గ్రామాలు చల్లపల్లి సంస్థానం కింద ఉండడంతో అక్కడి లెక్కలు జమీందారీ కచేరీతో ముడిపడి ఉండేవి. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ గ్రామాలు రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే రైత్వారీలోకి వచ్చాయి. పద్ధతి ఏదైనా ఊరి లెక్కల లోగుట్టు తెలిసిన మనిషి ఒక్కడే, అతని తర్వాత అతని కొడుకు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఈ వంశపారంపర్య పదవులను రద్దు చేసింది. రద్దుతో లెక్కలు చేతులు మారాయి. వాటిని చదివే నేర్పు అంత తేలిగ్గా చేతులు మారలేదు, రికార్డుల అప్పగింత కూడా అన్ని ఊళ్ళలో సాఫీగా సాగలేదు.

ఒకే ప్రతిని నమ్ముకోకూడదన్న జాగ్రత్త బందరు రేవులో చాలా ముందే కనిపిస్తుంది. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో ఇక్కడ వర్తకం మొదలుపెట్టారు. నెలల తరబడి సముద్రం మీద వెళ్ళే ఉత్తరం చేరుతుందో లేదో తెలియదు కాబట్టి ఒకే ఉత్తరాన్ని వేర్వేరు ఓడల్లో పంపడం, ఒక నకలు దగ్గర ఉంచుకోవడం ఆ కంపెనీల అలవాటు. అయితే ఆ జాగ్రత్త కంపెనీ లెక్కలకే గాని, రైతు కాగితానికి చాలాకాలం దక్కలేదు.

1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది చనిపోయారు. దేశానికంతటికీ ఉద్దేశించిన రిజిస్ట్రేషన్ చట్టం కూడా ఆ ఏడాదిదే. 1865లో అది అమల్లోకి వచ్చింది. ఒకదానికొకటి కారణం కాదు. ఇళ్ళతోపాటు పెట్టెల్లోని కాగితాలు కూడా కొట్టుకుపోయిన ఊరికి మాత్రం, రిజిస్టరైన ప్రతి దస్తావేజుకూ సర్కారు ఆఫీసులో నకలు ఉంటుందన్న ఏర్పాటు వేళకు వచ్చిన మేలే. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 100 రూపాయలు, ఆపై విలువ గల స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. ఇప్పటికీ నడుస్తున్నది 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. స్థిరాస్తి దస్తావేజులన్నీ ఆ చట్టం ప్రకారం ఒకటో పుస్తకంలోకి ఎక్కుతాయి. వీలునామాలకు మూడో పుస్తకం, తిరస్కరించిన దస్తావేజుల కారణాలకు రెండో పుస్తకం. ఒకటో పుస్తకంలోని దస్తావేజును వెతకడానికి రెండు సూచికలు: ఒకటి పేర్లను బట్టి, రెండోది ఆస్తిని బట్టి.

ఈ రెండు సూచికలే ఆ కాలపు నెట్‌వర్క్. పొలం కొనేవాడు ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం, అడిగితే గుమాస్తా ముందు ఆస్తి సూచిక తీసేవాడు. గ్రామం పేరు, సర్వే నంబరు, హద్దులు పట్టుకుని ఏడాది తర్వాత ఏడాది వేలితో దిగేవాడు. దొరికిన ప్రతి నమోదు ఏ వాల్యూమో, ఏ పేజీయో చెప్పేది. అక్కడికి వెళ్ళి అసలు నకలు చూసి, తాకట్టు ఉందా, అమ్మకం జరిగిందా రాసుకునేవాడు. దారిలో అవాంతరాలు ఎన్నో. పాత దస్తావేజుల్లో సర్వే నంబరు ఉండకపోవచ్చు, హద్దులే ఉంటాయి: తూర్పున కాలవ, పడమట ఫలానా వారి చెక్క. ఇంటిపేరు ఒకచోట ఒకలా, మరోచోట ఇంకోలా పడుతుంది. ఒక గ్రామపు పొలం పొరపాటున పక్క గ్రామం కింద సూచికలోకి ఎక్కుతుంది. ఆస్తి సూచికలో దొరకనంత మాత్రాన దస్తావేజు లేదని అనుభవం గల గుమాస్తా అనేవాడు కాదు. పేర్ల సూచికలో వెతికేవాడు. పక్క గ్రామం తీసేవాడు. మునుపటి దస్తావేజులో ఉదహరించిన నంబరు పట్టుకుని వెనక్కి వెళ్ళేవాడు. పుస్తకం పోయిందా, పుస్తకానికి దారి చూపే సూచిక తప్పిందా అని ముందు తేల్చుకునేవాడు. ఈ నేర్పుకు ఎక్కడా గుర్తింపు దక్కలేదు. ఇక్కడి భూముల లావాదేవీలు నూరేళ్ళకు పైగా దాని మీదే నడిచాయి.

1977 నవంబరు 19న తుపాను దివిసీమను తుడిచిపెట్టింది. సర్కారు లెక్క ప్రకారమే మృతులు 10,000కు దగ్గర. నాగాయలంక, కోడూరు వైపు తీర గ్రామాల్లో కొన్ని పూర్తిగా పోయాయి. ఇంట్లో దాచుకున్న దస్తావేజు ఇంటితోపాటే పోయింది. అటువంటి వారికి చట్టం ఇచ్చే ఆధారం రిజిస్ట్రారు ఆఫీసు ధ్రువీకరించి ఇచ్చే నకలు. అసలులోని విషయాన్ని నిరూపించడానికి దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చు. రెండు చోట్ల ఉన్న రికార్డు ఒకచోట పోయినా బతుకుతుందన్న సంగతికి దివిసీమ అనుభవం కంటే గట్టి ఉదాహరణ దొరకదు.

ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ 1998 నవంబరు 4న కార్డ్ అనే కంప్యూటర్ పథకాన్ని 214 ఆఫీసుల్లో మొదలుపెట్టింది. సూచికలు డేటాబేస్‌లోకి ఎక్కాయి. దస్తావేజును చేత్తో పుస్తకంలోకి ఎక్కించే బదులు స్కాన్ చేసి బొమ్మగా దాచడం వచ్చింది. రోజులు పట్టే ఈసీ నిమిషాల్లోకి దిగింది. అప్పట్లో ఏ ఆఫీసు డేటా ఆ ఆఫీసు సర్వర్‌లోనే ఉండేది. డిస్కు పోతే ఆ ఒక్క ఆఫీసు ఆగేది. కేబులు ఊడితే లేచి వెళ్ళి దోపితే సరిపోయేది. ఉప్పుగాలి, ఉక్కపోత, కరెంటు కోతలు ఉన్న చోట డజన్లకొద్దీ ఆఫీసుల్లో డజన్లకొద్దీ సర్వర్లను, బ్యాకప్‌లను కాపాడడం కష్టం కాబట్టి తర్వాతి కాలంలో డేటా కేంద్రానికి చేరింది. రెవెన్యూ రికార్డులదీ ఇదే దారి. 2015లో వచ్చిన మీభూమి వెబ్‌సైటులో అడంగల్, పట్టాదారు వారీగా భూములు చూపే 1-బి ఎవరైనా చూసుకోవచ్చు.

డేటా సెంటర్లలోని యంత్రాల తీరు కూడా ఈలోగా మారిపోయింది. కార్డ్ మొదలైన 1998లోనే అమెరికాలో వీఎంవేర్ సంస్థ పుట్టింది. 2001లో అది సర్వర్ల కోసం ఈఎస్ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. ఒక పెద్ద యంత్రాన్ని పంచి, అందులో పది ఇరవై వర్చువల్ సర్వర్లను విడివిడిగా నడిపించడం దాని పని. ఈ పద్ధతిలో వర్చువల్ సర్వర్ల డిస్కులు ఆ యంత్రంలోనే ఉండనక్కర్లేదు. స్టోరేజి అనే వేరే పెట్టెలో ఉంటాయి, రెండింటి మధ్య నెట్‌వర్క్ ఉంటుంది. యంత్రం చెడిపోతే అవే డిస్కులతో వర్చువల్ సర్వర్‌ను పక్క యంత్రం మీద లేపవచ్చు. ఈ కలయికకు రెండు మార్గాలు ప్రసిద్ధం. సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో తెచ్చిన ఎన్ఎఫ్ఎస్ ఫైళ్ళను పంచుతుంది. 2004లో ప్రమాణంగా వెలువడిన ఐ-స్కజీ మొత్తం డిస్కునే నెట్‌వర్క్ మీద అందిస్తుంది.

అలా ఒక్క దస్తావేజు అవనిగడ్డలో తెర మీదికి రావాలంటే ఆఫీసు లోపలి తీగ, ఆఫీసు నుంచి బయటికి వెళ్ళే లైను, కేంద్రంలోని వర్చువల్ సర్వర్, దాని వెనక స్టోరేజి నాలుగూ పనిచేయాలి. కిటికీ దగ్గర మాత్రం ఒకటే మాట వినిపిస్తుంది: సర్వర్ పనిచేయడం లేదు. భూమి విలువలు పెరగబోయే తేదీకి ముందురోజు, స్టాంపు కాగితాలు సిద్ధం చేసుకుని ఇరుపక్షాలూ సాక్షులతో సహా వచ్చి కూర్చున్నప్పుడు, ఈ మాట ఎంత నష్టమో దస్తావేజు లేఖరులకు తెలుసు. ఆ ఒక్క మాటను నాలుగుగా విడదీయడంతోనే తప్పు వెతుకులాట మొదలవుతుంది. అవనిగడ్డలో ఆగి గుడివాడలో నడుస్తుంటే తప్పు అవనిగడ్డ దారిలోనే. జిల్లాలు దాటి అందరికీ ఆగితే తప్పు కేంద్రంలో. లాగిన్ అవుతుంది, సూచికలో పేరు దొరుకుతుంది, స్కాన్ బొమ్మ మాత్రం తెరుచుకోదు అంటే అనుమానం బొమ్మలున్న స్టోరేజి మీదికి పోవాలి.

స్టోరేజి తెగినప్పుడు వర్చువల్ సర్వర్ వెంటనే చావదు. డిస్కు జవాబు కోసం ఎదురుచూస్తూ బిగుసుకుపోతుంది. అందుకే కంగారులో సర్వర్‌ను రీస్టార్ట్ చేయడం మొదటి తప్పు. ఇంకా డిస్కుకు చేరని డేటా దాని జ్ఞాపకంలో ఉండవచ్చు. దారి తిరిగి కలిస్తే చాలాసార్లు పని ఆగినచోటి నుంచే సాగుతుంది. ముందు చూడవలసింది కింది మెట్టు: కేబులు, స్విచ్ పోర్టులో వెలిగే దీపం, రెండు దారులుంటే రెండూ ఉన్నాయా అన్నది. సాధారణంగా స్టోరేజికి రెండు కార్డులు, రెండు స్విచ్‌ల మీదుగా రెండు దారులు పెడతారు. ఒకటి తెగినా పని నడుస్తుంది కాబట్టి నెలల తరబడి ఎవరూ గమనించరు. రెండోది కూడా తెగిన రోజున అంతా ఆగుతుంది. ఈ రంగంలో పెద్ద అంతరాయాలు కొన్నిటికి మూలం ఇలా గమనించకుండా వదిలేసిన మొదటి తెగుదలే.

తర్వాతి మెట్టు చిరునామా. సర్వర్‌కూ స్టోరేజికీ సాధారణంగా ఒకే వీల్యాన్ (స్విచ్ లోపల విడదీసిన నెట్‌వర్క్ భాగం) ఉండాలి, ఒకే ఐపీ రెండు యంత్రాలకు పడకూడదు. అవతలి యంత్రం పలుకుతుందా అని అడిగే పింగ్‌కు జవాబు వస్తే దారి ఉన్నట్టే గాని, దారి బాగున్నట్టు కాదు. మామూలు నెట్‌వర్క్‌లో ఒక ప్యాకెట్టు 1500 బైట్లు మోస్తుంది. స్టోరేజి నెట్‌వర్క్‌లో వేగం కోసం దాన్ని 9000కు పెంచుతారు. సర్వర్, స్విచ్, స్టోరేజి మూడింటిలోనూ పెంచాలి. కొత్తగా మార్చిన స్విచ్ ఒకటి 1500 దగ్గరే ఉండిపోతే చిన్న పింగ్ హాయిగా వెళ్ళి వస్తుంది, డిస్కు కనెక్ట్ అయినట్టే కనిపిస్తుంది, పెద్ద ఫైలు చదవబోతే ఆగిపోతుంది. కొత్తవారిని రోజంతా తిప్పే తప్పు ఇదే. దీన్ని పట్టుకోవడానికి ప్యాకెట్టును ముక్కలు చేయవద్దని చెప్పి 8972 బైట్ల పింగ్ పంపుతారు. శీర్షికలకు పట్టే 28 బైట్లు కలిస్తే 9000 అవుతుంది.

ప్యాకెట్లు సరిగా వెళ్తున్నా తలుపు మూసి ఉండవచ్చు. ఐ-స్కజీకి 3260, ఎన్ఎఫ్ఎస్‌కు 2049 పోర్టులను ఫైర్‌వాల్ వదలాలి. స్టోరేజి తన దగ్గరున్న జాబితాలోని సర్వర్‌కే డిస్కు ఇస్తుంది. సర్వర్‌ను మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే దాని ఐ-స్కజీ పేరు మారిపోవచ్చు. పాత పేరే జాబితాలో ఉంటే స్టోరేజి దాన్ని పరాయిదిగా చూసి తిప్పి పంపుతుంది. ఇక యంత్రాల గడియారాలు కలవకపోతే లాగ్‌లలో ఏది ముందు జరిగిందో తేలదు. అందుకే అనుభవజ్ఞులు లాగ్‌లు తెరిచే ముందు సమయం చూస్తారు, తెగుదలకు ముందు చివరిసారి ఎవరు ఏం మార్చారో అడుగుతారు. దారి కలిశాక కూడా పని పూర్తి కాదు. డిస్కు అందక లినక్స్ సర్వర్లు కొన్ని చదవడానికి మాత్రమే వీలయ్యే స్థితిలోకి వెళ్ళి ఉంటాయి. ఒక్కొక్కదాని ఫైల్ సిస్టమ్ సరిచూసి, రాయడానికి తెరవాలి. లేకపోతే ఈసీ వస్తుంది, రిజిస్ట్రేషన్ జరగదు.

దారులన్నీ బాగున్నా పాత రికార్డులతో ఇంకో చిక్కు మిగిలే ఉంది. ఈ డెల్టాలోని స్థిరాస్తుల ఈసీ ఆన్‌లైన్‌లో దొరికేది 1983 నుంచి. అంతకు ముందుది కావాలంటే ఆఫీసుకు వెళ్ళి పాత సూచికలు తిరగేయించవలసిందే. పాత వాల్యూములను స్కాన్ చేసేటప్పుడు ప్రతి బొమ్మకూ సంవత్సరం, వాల్యూమ్, పేజీ టైపు చేస్తారు. ఆ అంకెల్లో ఒకటి తప్పితే కేబులు, స్విచ్, స్టోరేజి అన్నీ బాగుంటాయి, బొమ్మ వెంటనే తెరుచుకుంటుంది, కాని అది వేరొకరి దస్తావేజు. ఏ పింగూ ఈ తప్పును పట్టదు. తెర మీది బొమ్మలోని పేర్లను, సర్వే నంబరును రెండు సూచికలతోనూ సరిపోల్చి చూడడమే దీనికి పరీక్ష, ఆ పరీక్ష చేయగలిగింది పాత పుస్తకాలు చదవడం వచ్చిన గుమాస్తా.