త్రీ నాట్ త్రీ: బ్రిటిష్‌వాడు మన పోలీసు చేతికి కావాలనే సగం తుపాకీ ఇచ్చాడా?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కాలేజీల్లో ఎన్‌సీసీ చేసినవాళ్లు ఎవరైనా చూస్తుంటే ఒక ప్రశ్న. డ్రిల్‌లో భుజానికి ఆనించుకుని మోసే పాత కట్టె తుపాకీ ఒకటి ఉంటుంది కదా, దాదాపు నాలుగు కిలోల బరువు, పది నిమిషాలకే చెయ్యి లాగేస్తుంది. దాని మీద చెక్కిన అక్షరాలు ఎప్పుడైనా చదివారా? చాలామంది చదవరు. అది ఒక మ్యూజియం ముక్క అని ఎవరూ చెప్పరు కాబట్టి.

దాని పేరు లీ-ఎన్‌ఫీల్డ్. మన పేపర్లలో, సినిమాల్లో 'త్రీ నాట్ త్రీ'. గొట్టం లోపలి వెడల్పు 0.303 అంగుళాలు, అందుకే ఆ పేరు. ఇది బోల్ట్ యాక్షన్. అంటే పక్కనున్న పిడి పైకి తిప్పి వెనక్కి లాగితే ఖాళీ గుండు బయటికి పడుతుంది. ముందుకు తోసి కిందికి మడిస్తే కొత్త తూటా లోపలికి పోయి లాక్ అవుతుంది. మన ఇంటి తలుపు గడియ ఎట్లా పనిచేస్తుందో అట్లనే. లీ అంటే జేమ్స్ పారిస్ లీ, స్కాట్లాండ్‌లో పుట్టిన డిజైనర్. ఎన్‌ఫీల్డ్ అంటే లండన్ పక్కనున్న ఫ్యాక్టరీ. మ్యాగజైన్‌లో పది తూటాలు పడతాయి. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి అది చాలా పెద్ద విషయం, జర్మన్ మౌజర్‌లో పట్టేది ఐదే.

ఇప్పుడు చదవడం చూద్దాం. పిడి కింద, కట్టె మొదలయ్యే చోట ఒక ఇనుప పట్టీ ఉంటుంది. కుడిపక్క చూడండి. కిరీటం గుర్తు, కింద 'జీఆర్ఐ' అని ఉంటే అది బ్రిటిష్ ఇండియాలో తయారైంది. రాజు జార్జ్, చక్రవర్తి అని లాటిన్‌లో దాని అర్థం. కిరీటం బదులు అశోకుడి సింహాలు ఉంటే స్వాతంత్ర్యం తర్వాతది. 'ఆర్ఎఫ్ఐ' అంటే రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్, కోల్‌కతా దగ్గర. పక్కనే సంవత్సరం. ఇక 'డీపీ' అని కొట్టి ఉంటే డ్రిల్ పర్పస్, అంటే ఇక పేల్చడానికి పనికిరాదని పక్కన పెట్టేశారు. ఈ నాలుగు గుర్తులు తెలిస్తే చాలు, ఆ తుపాకీ ఏ ప్రభుత్వం కింద పుట్టింది, రిటైర్ అయిందా లేదా, మీరే చెప్పేయొచ్చు. నా లెక్కలో ఇది పాత శాసనం చదవడం లాంటిదే, కాకపోతే లిపి కొంచెం ఈజీ.

సరే, ఈ ఎపిసోడ్ అసలు దేనికోసమంటే, ఇదే తుపాకీకి ఒక తమ్ముడున్నాడు. పేరు .410 మస్కెట్. నక్సల్స్ ఎన్‌కౌంటర్ వార్తల్లో, దొరికిన ఆయుధాల లిస్టులో ఈ నంబర్ మీరు వినే ఉంటారు. బయట నుంచి చూస్తే అచ్చం త్రీ నాట్ త్రీనే. లోపల మాత్రం వేరే కథ. గొట్టంలో మెలిక గాళ్లు ఉండవు, నున్నగా ఉంటుంది. తూటాను గిరగిరా తిప్పి సూటిగా పంపేవి ఆ గాళ్లే, కాబట్టి దూరం కొట్టలేదు. మ్యాగజైన్ ఉండాల్సిన చోట చెక్క ముక్క బిగించారు. ఒకటి పెట్టు, ఒకటి పేల్చు, మళ్లీ ఒకటి పెట్టు. తూటా కూడా స్పెషల్‌దే, మిలిటరీ తూటా దీనికి సరిపోదు.

ఆలోచించండి. పది తూటాలు పేల్చే మంచి తుపాకీని తీసుకుని, ఖర్చు పెట్టి మరీ దాన్ని చెడగొట్టారు. ఎవరికోసం? ఇండియన్ పోలీసులకు, జైలు గార్డులకు. నేను కోడ్ రాసే రోజుల్లో ఫుల్ సాఫ్ట్‌వేర్‌లో ఫీచర్లు ఆపేసి లైట్ వెర్షన్ అని ఇచ్చేవాళ్లు, అదే ఇది. యూజర్ మీద నమ్మకం లేదన్నమాట.

ఆ అపనమ్మకం 1857 నుంచి మొదలైంది. సిపాయిల తిరుగుబాటు తర్వాత ఇండియన్ రెజిమెంట్లకు మెలిక గాళ్లు లేని తుపాకులు ఇచ్చారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఒకటే పాలసీ, మనవాళ్లు ఒక తరం వెనకే ఉండాలి. తెల్ల సైనికుడి చేతిలో మార్టినీ-హెన్రీ ఉన్నప్పుడు మన సిపాయికి స్నైడర్. వాళ్లకు బోల్ట్ యాక్షన్ వచ్చాక వీళ్లకు ఆ పాత మార్టినీ. 1878లో లార్డ్ లిట్టన్ ఆయుధాల చట్టం తెచ్చాడు. మనకు లైసెన్సు తప్పనిసరి, యూరోపియన్లకు మినహాయింపు.

వాళ్ల భయం ఊరికే కాదు అనడానికి మన దగ్గరే సాక్ష్యం ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దాడి చేశాడు. మొత్తం 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు. ఆయన తీసుకెళ్లినవాటి వివరాలు స్టేషన్ రికార్డులోనే రాసి సంతకం పెట్టి వెళ్లాడు. ఆయుధాల మీద స్టడీ చేసేవాళ్లకు ఇంతకంటే మంచి రసీదు ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? సరిగ్గా నెల తర్వాత, సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీష్ ఆఫీసర్లు చనిపోయారు. పోలీస్ స్టేషన్‌లో ఉన్న తుపాకీ రేపు ఎవరి చేతిలో ఉంటుందో దొరలకు గ్యారంటీ లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక మన ప్రభుత్వం ఆ తుపాకీని పారేయలేదు. 1962 చైనా యుద్ధం దెబ్బకు ఇషాపూర్‌లో అదే డిజైన్‌ను 7.62 తూటాకు మార్చి '2ఏ', '2ఏ1' చేశారు. మ్యాగజైన్ పదికి బదులు పన్నెండు. పాత త్రీ నాట్ త్రీ మాత్రం పోలీసుల భుజం మీదే ఉండిపోయింది. 2008 నవంబర్‌లో ముంబై సీఎస్‌టీ స్టేషన్‌లో ఏకే-47ల ముందు నిలబడిన పోలీసుల దగ్గర ఉన్నది ఇవే. నాకు కోపం వచ్చే పాయింట్ ఇదే. బ్రిటిష్‌వాడు భయంతో పాత తుపాకీ ఇచ్చాడు, సరే. మనం మన కానిస్టేబుల్‌కు అరవై ఏళ్ల తర్వాత కూడా అదే ఇచ్చాం, దేనికి? ఉత్తరప్రదేశ్ పోలీసులు దీనికి వీడ్కోలు చెప్పింది 2020 రిపబ్లిక్ డే నాడు.

'అన్నా, ఒకటి కొని దాచుకోవచ్చా?' అని అడుగుతారని తెలుసు. వద్దప్పా. పేలే .303 మామూలు లైసెన్సు మీద రాదు, మిలిటరీ తూటా పట్టే బోర్ కాబట్టి. అందుకే సివిలియన్ల కోసం .315 అని వేరే సైజు పెట్టారు, మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు చేసేది అదే. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 45 పాతకాలపు తుపాకులకు మినహాయింపు ఇస్తుంది, కానీ రిపేరు చేసినా పేలకూడదు. 'తాతగారి అటక మీద దొరికింది, తుడిస్తే పనిచేస్తుంది' అంటే అది యాంటిక్ కాదు, కేసు. వాట్సాప్‌లో ఫొటో పెట్టి అమ్మేవాళ్ల జోలికి అసలు పోవద్దు. ఫొటోలు తీసి గుర్తులు పోల్చుకోండి, హైదరాబాద్ వెళ్తే సాలార్ జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీ చూడండి. స్టడీకి అది చాలు.

ఇంకో తమాషా. మన ఇషాపూర్ రైఫిళ్లు సర్‌ప్లస్‌గా అమెరికాకు వెళ్లాయి. యాభై ఏళ్లు దాటిన తుపాకీకి అక్కడ కలెక్టర్ల కోసం వేరే కేటగిరీయే ఉంది. హెచ్1బీ వీసా మీద వెళ్లినవాళ్లకు మామూలుగా కుదరదు, హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. గ్రీన్ కార్డ్ ఉంటే మాత్రం రూల్స్ ప్రకారం కొనుక్కోవచ్చు. అంటే డల్లాస్‌లో ఉన్న మనవాడొకడు అశోక సింహాలు చెక్కిన తుపాకీ కొని గోడకు పెట్టుకోవచ్చు, సోమందేపల్లిలో ఉన్న నేను దాని ఫొటో జూమ్ చేసి సంవత్సరం చదువుకోవాలి.