బీమా కొలువు – ఒక అమానత్

మేము ఉపాధ్యాయ వృత్తిలో చేరిన క్రొత్తలో జీతం బిల్లు చూచుకొని, "ఈ కోత ఏమిటి సాబ్?" అని మా హెడ్మాస్టరు గారిని అడిగాము. "అది గవర్నమెంటు ఇన్సూరెన్సు బేటా, నిజాం కాలం నాటిది. నీ కోసం కాదు, నీ ఇంట్లో వాళ్ళ కోసం" అని ఆయన నవ్వారు. 1907లో నిజాం ప్రభుత్వం తన ఉద్యోగుల కుటుంబాల కొరకు ప్రారంభించిన పథకమే నేటి ప్రభుత్వ జీవిత బీమా శాఖకు మూలము. 2014లో రాష్ట్రం రెండైన తరువాత కూడా అది రెండు వైపులా నడుస్తూనే ఉన్నది.

ఈ సంచికకు ఏదైనా చరిత్ర వ్రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు మాకు ఆ కోతే గుర్తుకు వచ్చింది. నవాబుల చరిత్ర, కోటల చరిత్ర వ్రాయడానికి చాలామంది ఉన్నారు. మన పిల్లలకు కొలువు చూపించే చరిత్ర ఒకటి చెప్పుకుందాం.

మన దేశంలో మొదటి జీవిత బీమా కంపెనీ ఓరియంటల్ లైఫ్. అది 1818లో కలకత్తాలో పుట్టింది. ఆ కాలపు కంపెనీలు ముఖ్యంగా తెల్లవారి కోసమే. భారతీయుడు పాలసీ అడిగితే ఎక్కువ ప్రీమియం పుచ్చుకునేవారు. మన ప్రాణానికి నమ్మకం తక్కువ అని వారి లెక్క! 1870లో బొంబాయి మ్యూచువల్ సంస్థ వచ్చి, భారతీయులకు కూడా మామూలు రేటుకే పాలసీ ఇచ్చింది. తరువాత స్వదేశీ ఉద్యమంతో పాటు దేశీయ కంపెనీలు పెరిగాయి. మన తెలుగునాట భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని మచిలీపట్నంలో స్థాపించారు. చదువుకున్న యువకుడికి సర్కారు నౌకరీ, వకాల్తా తప్ప మరో దారి పెద్దగా లేని రోజుల్లో బీమా ఒక క్రొత్త దారి అయింది.

అయితే అన్ని కంపెనీలూ ఒకటి కాదు. కొందరు యజమానులు పాలసీదారుల డబ్బును తమ సొంత వ్యాపారాలకు వాడుకున్నారు. కొన్ని కంపెనీలు దివాలా తీశాయి. పైసా పైసా కూడబెట్టి కట్టినవాడు గోడు చెప్పుకునే చోటు లేకపోయింది. చివరకు 1956 జనవరి 19న కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి జీవిత బీమాను తన చేతికి తీసుకున్నది. ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారు రేడియోలో ఆ సంగతి ప్రకటించారు. ఆ యేడే సెప్టెంబరు 1న 245 సంస్థలను కలిపి జీవిత బీమా సంస్థ (ఎల్.ఐ.సి.) ఏర్పడింది.

ఇక భయం లేదని అందరూ అనుకున్నారు. కాని మరుసటి సంవత్సరం 1957లోనే ముంద్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల వాటాలను, సుమారు 1 కోటి 24 లక్షల రూపాయలకు, ఆ ప్రభుత్వ సంస్థ చేతనే కొనిపించారు. ఫిరోజ్ గాంధీ గారు పార్లమెంటులో నిలదీశారు. జస్టిస్ ఎం.సి. చాగ్లా గారు బహిరంగ విచారణ జరిపారు. 1958లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయవలసి వచ్చింది. గమనించవలసినది ఏమిటంటే, కంపెనీ ప్రైవేటుదైనా సర్కారుదైనా కుర్చీలో కూర్చున్న మనిషిని బట్టే డబ్బు భద్రం. మన మాటలో చెప్పాలంటే అది అమానత్. ఒకరు నమ్మి మన దగ్గర ఉంచిన సొమ్ము.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. కొన్నేళ్ళ క్రితం మా మొహల్లాలో ఒక ఆటో తోలే భాయ్ చనిపోయాడు. ఆయన బీబీ పాలసీ కాగితాలు పట్టుకొని మా ఇంటికి వచ్చి, "మాస్టర్ సాబ్, జర చదివి చెప్పండి" అన్నది. చదివి చూస్తే పాలసీ ఎప్పుడో ల్యాప్సు అయింది. ఏజెంటు నెలనెలా డబ్బు తీసుకున్నాడు కాని ఆఫీసులో కట్టలేదు. రసీదు ఒక్కటి కూడా లేదు. ఆమె ముఖం మాకు ఇప్పటికీ కళ్ళల్లో మెదులుతుంది. ముగ్గురు పిల్లలు. పెద్దవాడు బడి మానేసి మెకానిక్ షాపులో చేరాడు. రసీదు అడగమని ఆ భాయ్‌కు మేమూ చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు.

ఆ సంగతి విని మా శిష్యుడు ఒకడు, "ఇలాంటి లైనులోకి మేము పోవాలా సార్?" అన్నాడు. "నీలాంటివాడు పోనందుకే కదా బేటా ఇట్లా అయింది" అన్నాము. లెక్కల్లో దిట్ట, అబద్ధం చెప్పనివాడు. ఇప్పుడు ఒక బీమా ఆఫీసులో క్లెయిముల సెక్షనులో పని చేస్తున్నాడు.

బీమాలో వడ్డీ, అనిశ్చితి ఉన్నాయని మనలో చాలామందికి సందేహం. ఉలమాలలోనే భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. పరస్పర సహాయం పద్ధతి మీద తకాఫుల్ అనే ఏర్పాటు 1979లో సూడాన్‌లో మొదలై ఇతర దేశాలకు వ్యాపించింది. ఈ విషయంలో తీర్పు చెప్పడం మా పని కాదు. తెలిసినవారిని అడిగి ఎవరికి వారు నిర్ణయించుకోవాలి. కాని తెలుసుకోకుండానే తలుపు మూసుకోవడం మాత్రం చదువుకున్నవారి లక్షణం కాదు.

ఇక దారి చూద్దాం. 1973 నుండి నాలుగు ప్రభుత్వ సాధారణ బీమా కంపెనీలు నడుస్తున్నాయి. 1999 చట్టం తరువాత ప్రైవేటు కంపెనీలు కూడా వచ్చాయి. వీటన్నిటి మీద పర్యవేక్షణ చేసే నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉన్నది. పదవ తరగతి పాసైనవాడు శిక్షణ పొంది, పరీక్ష పాసై ఏజెంటు కావచ్చు. డిగ్రీ ఉన్నవారికి క్లర్కు, ఆఫీసరు పోటీ పరీక్షలు ఉన్నాయి. ప్రమాదంలో, అగ్నిలో జరిగిన నష్టం అంచనా వేసే సర్వేయరు పని ఉన్నది. లెక్కల్లో చాలా గట్టివారికి యాక్చువరీ పరీక్షలు ఉన్నాయి. అవి కష్టం, యేళ్ళు పడతాయి. ఉద్యోగంలో చేరాక బొంబాయిలోని ఇన్సూరెన్సు ఇన్‌స్టిట్యూట్ వారి లైసెన్షియేట్, అసోసియేట్, ఫెలో పరీక్షలు ఒకటొకటిగా పాసైతే పనిలో పట్టు చిక్కుతుంది. ఉర్దూ మీడియం పిల్లలకు అడ్డు వచ్చేది ఇంగ్లీషు. దానికి రోజూ ఒక గంట కేటాయిస్తే అదీ లొంగుతుంది.

చేరినవారు మూడు సంగతులు మరువరాదు. మొదటిది, ఎవరి దగ్గర రూపాయి పుచ్చుకున్నా రసీదు ఇవ్వాలి. రెండవది, తన కమీషనులోంచి కొంత వదిలి పాలసీ అంటగట్టకూడదు. 1938 బీమా చట్టమే దానిని నిషేధించింది. మూడవది, ప్రపోజల్ ఫారంలో వయసు, జబ్బు దాచి వ్రాయరాదు. నేడు పాపం తీయగా ఉన్నా, రేపు క్లెయిము రోజున దాని చేదు ఒక విధవరాలి నోటికి తగులుతుంది.

ఈ సంవత్సరం మన సంఘం తరఫున పదిమంది పిల్లలనైనా ఈ పరీక్షలకు కూర్చోబెట్టగలిగితే బాగుంటుంది. ఇంగ్లీషు, లెక్కలు చెప్పడానికి మేము ఆదివారాలు సిద్ధంగా ఉన్నాము. రేపు ఏ ఇంటి ఆడకూతురైనా కాగితాలు పట్టుకొని వచ్చినప్పుడు, వాటిని చదివి "అంతా సరిగా ఉన్నదమ్మా" అని చెప్పగల కుర్రవాడు మన మొహల్లాకు ఒక్కడైనా ఉండాలి.